వెనక ఒక్కటే పళ్ళచక్రం, మరి గేర్లెక్కడ?

నెదర్లాండ్స్‌కి కొత్తగా వచ్చి సెకండ్ హ్యాండ్ సైకిల్ కొన్నవాళ్ళు నన్ను ఎక్కువగా అడిగేది ఇదే. హ్యాండిల్ మీద 1 నుంచి 8 దాకా అంకెలున్నాయి, వెనక చూస్తే ఒక్కటే పళ్ళచక్రం, గేర్లెక్కడ అని. వెనక చక్రం నడుమ డబ్బాలా లావుగా ఉందే, ఆ హబ్ లోపలే ఉంటాయండి. ఇరుసు మీద ఒక చిన్న పళ్ళచక్రం, దాన్ని చుట్టుకుని తిరిగే బుల్లి చక్రాలు, వాటి చుట్టూ లోపలివైపు పళ్ళున్న రింగు. గేరు మారిస్తే వీటిలో ఏది కదలకుండా ఉండాలో, ఏది తిరగాలో మారుతుంది. అంతా మూతలోపలే కాబట్టి వానకీ ఇసుకకీ తొందరగా పాడవదు.

ఒక్క అలవాటు మాత్రం చేసుకోండి. గేరు మార్చేటప్పుడు అర సెకను తొక్కడం ఆపండి. మన దగ్గర గేర్ల సైకిల్ తొక్కినవాళ్ళకి తొక్కుతూనే మార్చడం అలవాటు, ఇక్కడ అలా చేస్తే కాళ్ళ బలమంతా లోపలి పళ్ళ మీద పడి అవి విడిపడలేవు, గేరు మారదు, మారినా ఠక్కుమంటూ పడుతుంది. ఇంకో సుఖం ఏంటంటే సిగ్నల్ దగ్గర ఆగిపోయాక కూడా చిన్న గేరుకి మార్చుకోవచ్చు.

నేను వచ్చిన మొదటి చలికాలంలో ఒకరోజు పెడల్ ఉన్నట్టుండి ఖాళీగా తిరిగి, కాలు జారి మోకాలు హ్యాండిల్‌కి గట్టిగా కొట్టుకుంది. షాపుకి తీసుకెళ్తే హబ్ పోయింది, చక్రం మొత్తం మార్చాలన్నారు. ఆ ఖర్చు తలుచుకుని రాత్రంతా టెన్షన్. మర్నాడు ఆఫీసులో ఒక పెద్దాయన చూసి, నాలుగో గేరులో పెట్టమని, వెనక చక్రం కుడివైపు కేబుల్ చేరేచోట బురద తుడిచాడు. రెండు పసుపు గీతలు కనబడ్డాయి. ఎదురెదురుగా ఉండాల్సినవి కాస్త పక్కకి జరిగున్నాయి. హ్యాండిల్ దగ్గర కేబుల్ మీదుండే చిన్న మరను కొద్దిగా తిప్పాడు, గీతలు కలిశాయి. ఒకటో గేరుకి వెళ్ళి మళ్ళీ నాలుగుకి వచ్చి చూశాడు, అంతే. షిమానో కంపెనీ నెక్సస్ హబ్‌లలో ఎనిమిది గేర్లదానికీ ఏడు గేర్లదానికీ ఇలా నాలుగులోనే చూడాలి, మూడు గేర్లదానికి రెండులో. కాబట్టి గేరు జారుతోందంటే ముందు కేబుల్ చూడండి, అలా జారుతుండగా మాత్రం తొక్కుతూ పోకండి, లోపల పళ్ళు నిజంగానే అరిగిపోతాయి.

ఎన్ని గేర్లు తీసుకోవాలంటే, ఇక్కడ చాలాచోట్ల కొండల్లేవు కానీ ఎదురుగాలి ఉంది. మూడు గేర్లదాంట్లో తేలిక గేరుకీ బరువు గేరుకీ తేడా రెండు రెట్లు కూడా ఉండదు, ఎనిమిదిదాంట్లో మూడు రెట్లు. రోజూ పది కిలోమీటర్లు తొక్కేవాళ్ళు ఎనిమిదే తీసుకోండి, ఊళ్ళోనే తిరిగేవాళ్ళకి మూడు చాలు.

వెనక చక్రం పంక్చరైతే చక్రం విప్పకండి. టైరు ఒకవైపు ఊడదీసి ట్యూబ్ బయటికి లాగి, అక్కడే ప్యాచ్ వేయండి. విప్పక తప్పకపోతే ఇరుసుకి రెండువైపులా నట్ల కింద ఉండే వాషర్లు ఏది ఏ వైపుదో ముందే ఫోటో తీసుకోండి. ఇరుసు తిరిగిపోకుండా పట్టుకునేవి అవే.