వార్డు ఎన్నికలో ఒకసారి పార్టీ దాటి ఓటేశాను

మీ ఇంటిల్లిపాదీ తాతల నాటి నుంచి ఒకే పార్టీ అన్నారు. ఇప్పుడు మీ వార్డులో అవతలి పార్టీ తరఫున తిరుగుతున్న మనిషి మీ పార్టీ మనిషి కంటే నయం అనిపిస్తోంది, ఆయనకి వేస్తే ద్రోహమా అని అడిగారు. నేను ఒకసారి అలా వేశాను. తప్పు చేశానని అప్పుడూ అనిపించలేదు, ఇప్పుడూ అనిపించడం లేదు. అలాగని అన్ని ఎన్నికలకీ ఇదే సమాధానం చెప్పలేను. ఎందుకో కాస్త వివరంగా రాస్తాను.

మాది విశాఖలో మల్కాపురం వైపు. నాన్న షిప్‌యార్డులో వెల్డర్‌గా చేసి రిటైరయ్యాడు. మా పార్టీ పేరు రాయను. రాస్తే మాటంతా దాని మీదకే పోతుంది. నాన్న ప్రతి ఎన్నికకీ పార్టీ తరఫున బూత్ ఏజెంటుగా కూర్చునేవాడు. పాత ఏజెంటు బ్యాడ్జీలన్నీ షిప్‌యార్డు గేటు పాసుతో పాటు ఒకే రేకు డబ్బాలో దాచుకున్నాడు, ఆ డబ్బా ఇప్పటికీ మా ఇంట్లో ఉంది. ఆయన పోయాక ఆ కుర్చీ నాకొచ్చింది. 2019 ఏప్రిల్ 11న తెల్లవారకముందే బూత్‌కి వెళ్ళి, మాక్ పోల్ (అసలు పోలింగ్‌కి ముందు మిషన్ పరీక్షకి వేసే ఉత్తుత్తి ఓట్లు) లెక్క చూసుకుని సంతకం పెట్టినవాణ్ణి రాత్రి మిషన్లకి సీళ్ళు వేసేదాకా కదల్లేదు. పార్టీ అంటే నాకెంత ఇష్టమో తెలియాలని ఇది చెబుతున్నాను.

ఏజెంటు పని చేసినవాళ్ళకి ఓటరు జాబితా సంగతి తెలుసు. మనవాళ్ళ పేరు పక్కన ఎర్ర టిక్కు. అవతలివాళ్ళకి సున్నా. ఎటూ తేలనివాళ్ళకి ప్రశ్న గుర్తు. ప్రచారం చివరి వారంలో నాయకుడు ఏ గడప ఎక్కాలో ఆ గుర్తులే చెబుతాయి. సున్నా పెట్టిన ఇంటికి వెళ్ళి లాభం లేదు, టిక్కు పెట్టిన ఇంటికి వెళ్ళే పని లేదు. ప్రశ్న గుర్తున్న ఇళ్ళ ముందే ఆగుతారు, వాళ్ళ కుళాయి, వాళ్ళ కల్వర్టు, వాళ్ళ పింఛను గురించే నోటుబుక్కులో రాసుకుంటారు. మా వీధి ఆ చివర నుంచి ఈ చివర దాకా ఎర్ర టిక్కులే. పోలింగ్ స్లిప్పులు పంచే కుర్రాడు కూడా మా తలుపు కొట్టడు, కిందనుంచి తోసేసి పోతాడు.

మా వీధి చివర గెడ్డ, అంటే మురుగు పారే పెద్ద కాలువ, ఉంది. గట్టి వాన పడిన ప్రతిసారీ అది పొంగి చివరి నాలుగిళ్ళలోకి మురుగు వచ్చేస్తుంది. బియ్యం డబ్బాలు, పిల్లల పుస్తకాలు మంచాల మీదకి ఎత్తుకుని, నీళ్ళు దిగేదాకా గుమ్మంలో నిలబడేవాళ్ళు. గెడ్డకి గోడ కట్టించమని నాన్న బతికున్నప్పటి నుంచీ అడుగుతూనే ఉన్నాం. పార్టీ ఇన్‌ఛార్జి ఎప్పుడు కనపడినా, "మీది మన వీధే కదా బాబూ, చూద్దాం" అనేవాడు. మన వీధి కాబట్టి ముందు మనకే చేస్తారని ఏళ్ళ తరబడి నమ్మాం. మన వీధి కాబట్టే ఆగిపోతోందని ఆ జాబితా నా చేతికొచ్చాకే తెలిసింది.

ఇక 2021 సంగతి. 2007లో ఎన్నికైన జీవీఎంసీ (మహా విశాఖ నగరపాలక సంస్థ) పాలకవర్గం గడువు 2012లో తీరిపోయింది. ఆ తర్వాత 2021 మార్చి 10 దాకా నగరానికి వార్డు ఎన్నికలే లేవు. గెడ్డ గురించి అడుగుదామంటే వార్డుకో కార్పొరేటర్ కూడా లేని రోజులవి. తీరా ఎన్నిక వచ్చేసరికి మా పార్టీ టిక్కెట్టు నగరం అవతలి కొస మధురవాడలో ఉండే ఒక కాంట్రాక్టరుకి ఇచ్చారు. మా వార్డులో ఆయన ఓటు కూడా లేదు. అవతలి పార్టీ తరఫున నిలబడింది మా పక్క సందులో పాల బూత్ నడిపే ఆయన. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ తుపాను వచ్చినప్పుడు రోజుల తరబడి కరెంటు లేదు. బయట పాల ప్యాకెట్ ఇష్టమొచ్చిన రేటుకి అమ్ముకున్నారు. ఈయన మాత్రం ప్యాకెట్ మీదున్న రేటుకే, చంటిపిల్లలున్న ఇళ్ళకి ముందు ఇచ్చాడు. గెడ్డ పొంగిన రాత్రి లుంగీ ఎగగట్టి గునపం పట్టుకుని చెత్త లాగింది కూడా ఆయనే. అప్పటికి ఆయన ఏ పార్టీయో మాకెవరికీ పట్టలేదు.

ఎన్నికకి వారం ముందు ఇన్‌ఛార్జి ఫోన్ చేసి ఏజెంటు ఫారం మీద సంతకానికి రమ్మన్నాడు.

"ఈసారి కూర్చోను అన్నయ్యా."

"ఏటయ్యింది, ఒంట్లో బాలేదా?"

"బాగానే ఉంది. ఈసారి నా ఓటు మనోడికి వెయ్యను. వెయ్యనప్పుడు మన బ్యాడ్జీ పెట్టుకుని ఎలా కూర్చుంటాను?"

కాసేపు మాట లేదు. తర్వాత, "మీ నాన్నుంటే ఇలా అంటాడా?" అని పెట్టేశాడు. ఆ మాటకి రెండు రాత్రులు నిద్ర పట్టలేదు. మీకు నేను గట్టిగా చెప్పగలిగేది ఒకటే: దాటదలచుకుంటే ముందు ఆ కుర్చీలోంచి లేవండి. పార్టీ తరఫున కూర్చుని, పార్టీ అన్నం తిని, లోపల ఇంకొకరికి వేస్తే దాన్ని నేను కూడా ద్రోహమనే అంటాను. మామూలు ఓటరుగా వేస్తే కాదు. ఓటరు పార్టీకి రాసిచ్చిన కాగితం ఏదీ లేదు.

పాల బూత్ ఆయన గెలిచాడు. రెండో ఏడు ఆ నాలుగిళ్ళ వెనక గోడ లేచింది. గెడ్డ పొడవునా కాదు, అంతవరకే. మిగతాదానికి నిధులు లేవన్నాడు, నమ్మాను. 2024లో మా ఇన్‌ఛార్జి స్వయంగా ఇంటికొచ్చాడు. అమ్మ టీ ఇచ్చింది. వెంట వచ్చిన కుర్రాడి చేతిలో జాబితా మడత విప్పి ఉంది. మా డోర్ నంబరు పక్కన పెన్సిల్‌తో ప్రశ్న గుర్తు. నాన్న ఉండగా ఎప్పుడూ లేనిది. ఆ రోజు ఇన్‌ఛార్జి వీధి చివరిదాకా నడిచి, గోడ ఆగిపోయిన చోట నిలబడి, ఇంకెన్ని అడుగులు కట్టాలని నన్నడిగాడు.

అయితే 2024 మే 13న నేను రెండు మిషన్లలోనూ మా పార్టీకే వేశాను. మా ఎమ్మెల్యే అభ్యర్థి మీద నాకంత గౌరవం లేకపోయినా వేశాను. వార్డుకీ అసెంబ్లీకీ తేడా ఉంది. 1985లో రాజ్యాంగ 52వ సవరణతో పదో షెడ్యూలు (ఫిరాయింపుల నిరోధక చట్టం) వచ్చాక, ఇలాగే ఓటెయ్యాలని పార్టీ విప్ జారీ చేస్తే ఎమ్మెల్యేగానీ ఎంపీగానీ దాన్ని ధిక్కరించి సభలో ఓటేస్తే పదవికే ఎసరు. అవతలి పార్టీ అభ్యర్థి బంగారంలాంటి మనిషే కావచ్చు, అసలు రోజున పార్టీ చెప్పినట్టే చెయ్యి ఎత్తాలి. ఉక్కు ఫ్యాక్టరీ సంగతే చూడండి. 2021 జనవరిలో కేంద్రం వంద శాతం వాటా అమ్మాలని నిర్ణయిస్తే, ఫిబ్రవరిలో దానికి నిరసనగా విశాఖ ఉత్తరం ఎమ్మెల్యే గంటా శ్రీనివాసరావు రాజీనామా ఇచ్చారు. అది ఆమోదం పొందింది 2024 జనవరిలో. ఒక్క మనిషి వల్ల అక్కడ కదిలేది తక్కువ, పార్టీ ఏ పక్షాన నిలబడుతుందన్నదే లెక్క. అందుకే అసెంబ్లీకి, పార్లమెంటుకి పార్టీని చూస్తాను. ఏ మాట చెప్పి మా నాన్నని తనవైపు తిప్పుకుందో ఆ మాటే పార్టీ వదిలేసిన రోజు అక్కడ కూడా దాటతాను.

అందరూ ఇలాగే ఆలోచించాలని లేదు. 2019లో మన నగరంలోని తూర్పు, దక్షిణం, ఉత్తరం, పశ్చిమం నాలుగు అసెంబ్లీ సీట్లూ టీడీపీ గెలిచింది. అదే రోజు విశాఖ ఎంపీ సీటు మాత్రం వైఎస్సార్‌సీపీ 4,414 ఓట్ల తేడాతో గెలుచుకుంది. ఎంపీ సీటుకి జనసేన తరఫున నిలబడిన సీబీఐ మాజీ జాయింట్ డైరెక్టర్ (జేడీ) లక్ష్మీనారాయణకి 2.8 లక్షలకు పైగా ఓట్లొచ్చాయి. "ఎంపీకి జేడీ గారు, ఎమ్మెల్యేకి మనోడు" అని మా బూత్ బయట చెట్టు కింద బాహాటంగానే అనుకున్నారు. వాళ్ళని నేను తప్పుపట్టను. మనిషిని చూసి వేశారు.

కవరు తీసుకుని దాటడం, కులం చూసి దాటడం, తమ్ముడికి పదవి ఇవ్వలేదని కోపంతో దాటడం మాత్రం వద్దు. ఒక్క పని చేయండి. అసెంబ్లీకో పార్లమెంటుకో అయితే అభ్యర్థి ఇచ్చిన ఫారం 26 అఫిడవిట్ ఎన్నికల సంఘం వెబ్‌సైట్‌లో ఉంటుంది, కేసులు, ఆస్తులు, అప్పులు అన్నీ అందులో ఉంటాయి. ఇద్దరివీ పక్కపక్కన పెట్టుకుని చదవండి. వార్డుకైతే ఆ మనిషి వీధిలో ఉదయాన్నే ఒకసారి నడవండి, అక్కడివాళ్ళే చెబుతారు.

పెద్దవాళ్ళకి బాధ కలుగుతుందేమో అని కూడా రాశారు. 2021లో అమ్మా నేనూ కలిసే వెళ్ళాం. స్కూలు గేటు దగ్గర నా చెయ్యి పట్టుకుని, "నువ్వెటేస్తావో నాకు చెప్పకురా. నేను మాత్రం మీ నాన్న గుర్తుకే" అని ఆడవాళ్ళ వరసలోకి వెళ్ళిపోయింది. ఇంటికొచ్చాక ఇద్దరం ఓటు ఊసు ఎత్తలేదు. మధ్యాహ్నం అమ్మ పులుసు పెట్టింది, నాకిష్టమని వంజరం తెప్పించింది.