హస్కీల మంచుబండి కోసం అప్పు చేయాలా?

ప్రశ్న: మాది విజయవాడ. నేను ప్రభుత్వ ఉపాధ్యాయురాలిని. మావారు ప్రైవేటు సంస్థలో పనిచేస్తారు. ఇద్దరికీ కలిపి నెలకు 1,45,000 రూపాయలు చేతికి వస్తాయి. ఇంటి రుణం కిస్తీ 38,000, ఇంటి ఖర్చులు 45,000, పాప పైచదువు కోసం సిప్ (మ్యూచువల్ ఫండ్‌లో నెలనెలా పెట్టుబడి) 20,000, బడి ఫీజు, బీమా ప్రీమియంలకు నెలకు సగటున 15,000 పోతాయి. మిగిలింది ఎటు పోతుందో తెలియదు. వేసవిలో మావారికి లక్ష వరకు బోనసు వస్తుంది. తొమ్మిదేళ్ల మా పాపకు హస్కీ కుక్కలు లాగే మంచుబండి ఎక్కాలని ఒకటే కోరిక. నార్వేలోని ట్రోమ్సోకు ముగ్గురికి కలిపి 8.4 లక్షలు అవుతుందని ట్రావెల్ ఏజెంటు చెప్పాడు. మొత్తం ఎనిమిది రోజులు, అందులో ఒక రోజు ‘హస్కీ అనుభవం’. వచ్చే సంక్రాంతి సెలవులకే వెళ్లాలని ఉంది. 13 శాతం వడ్డీకి మూడేళ్ల వ్యక్తిగత రుణం ఇస్తామని బ్యాంకు అంటోంది. పాప సిప్‌లో 9 లక్షలు పోగయ్యాయి. అత్యవసరాలకు 4 లక్షల ఎఫ్‌డీ ఉంది. గంటసేపు కుక్కల బండికి ఇంత ఖర్చా అని మావారు అంటున్నారు. ఏం చేయమంటారు?

జవాబు: వెళ్లండి. కానీ వచ్చే సంక్రాంతికి కాదు, ఆ పై సంక్రాంతికి. అప్పు చేయకుండా, పాప డబ్బు ముట్టుకోకుండా, ఏజెంటు ప్యాకేజీ లేకుండా వెళ్లవచ్చు.

ముందు రుణం సంగతి. 8.4 లక్షలకు 13 శాతం చొప్పున మూడేళ్లంటే నెలకు దాదాపు 28,300 కట్టాలి. మొత్తం వడ్డీ 1.79 లక్షలు. మీరు రాసిన లెక్కల ప్రకారం నెలకు మీకు మిగిలేది 27,000. అంటే మొదటి నెల నుంచే 1,300 లోటు. మిగతా డబ్బు ఎటు పోతుందో తెలియదన్నారు కదా, ఆ తెలియని ఖర్చులు అప్పుడు క్రెడిట్ కార్డు మీదికి ఎక్కుతాయి. అదే 27,000 నుంచి నెలకు 26,000 చొప్పున ఇప్పటి నుంచి పక్కన పెడితే ఏడాదిన్నరలో 4.68 లక్షలు అవుతుంది. మధ్యలో వచ్చే బోనసు లక్ష. నెలనెలా రికరింగ్ డిపాజిట్‌లో వేస్తే వచ్చే వడ్డీ ఇరవై వేల పైచిలుకు. మొత్తం దాదాపు 5.9 లక్షలు. నెలనెలా ఇంచుమించు ఒకే మొత్తం తీస్తున్నారు. ముందు తీస్తే పద్దెనిమిది నెలలతో సరి, వెళ్లొచ్చాక తీస్తే ముప్పై ఆరు నెలలు.

పాప సిప్ నుంచి 8.4 లక్షలు తీస్తే ఎంత నష్టమో కూడా చూడండి. ఆ డబ్బు ఏటా 10 శాతం చొప్పున పెరిగినా పాపకు పద్దెనిమిదేళ్లు వచ్చేసరికి దాదాపు 20 లక్షలు అవుతుంది. అది షేర్లలో పెట్టే ఈక్విటీ ఫండ్ అయితే, ఏడాది దాటిన యూనిట్ల మీద 1.25 లక్షలకు మించిన లాభానికి 12.5 శాతం పన్ను కూడా కట్టాలి. ఎఫ్‌డీ గురించి ప్రత్యేకంగా చెప్పనక్కరలేదు. నాలుగు నెలల ఖర్చులకైనా సరిపోతుందో లేదో అన్నట్టుంది, దాన్ని కదపకండి.

ఇక మీవారి ప్రశ్న. అది న్యాయమైనదే, కానీ గురి తప్పింది. ఈ ప్రయాణంలో కుక్కల బండికి అయ్యేది చాలా తక్కువ. ట్రోమ్సో పరిసరాల్లో మనమే బండి తోలే సగం రోజు యాత్రకు పెద్దలకు తలా 2,000 నుంచి 2,500 నార్వే క్రోనర్లు తీసుకుంటారు, పిల్లలకు తగ్గింపు ఉంటుంది. పెద్దలకు 2,300, పాపకు 1,300 అనుకుంటే మొత్తం 5,900 క్రోనర్లు. క్రోన్‌కు 9 రూపాయలు వేసుకుంటే 53,000. ప్యాకేజీ ధరలో ఇది దాదాపు పదహారో వంతు. రుణం మీద మీరు కట్టబోయే వడ్డీతో ముగ్గురూ మూడుసార్లు మంచుబండి ఎక్కవచ్చు.

ఆ 53,000కు ఏమి దక్కుతుందో మీవారికి చెప్పండి. ఊరి నుంచి బస్సులో కుక్కల ఆవరణకు తీసుకెళతారు. పైన తొడుక్కోవడానికి చలి సూటు, బూట్లు, మందపాటి చేతి తొడుగులు వాళ్లే ఇస్తారు. బండికి కట్టే కుక్కలు సినిమాల్లో కనిపించే నీలికళ్ల బొద్దు కుక్కలు కావు. ఎక్కువ చోట్ల ఉండేవి అలాస్కన్ హస్కీలు. సన్నగా, పొడుగు కాళ్లతో, పరుగు కోసమే పెంచినవి. పట్టీలు కడుతున్నంతసేపూ గోల చేస్తాయి, ఎగురుతాయి, తాళ్లు కొరుకుతాయి. బండి కదిలిన మరుక్షణం గొంతులన్నీ ఆగిపోతాయి. వెనక నిలబడి తోలేవాళ్ల కాళ్ల మధ్య ఇనుప పళ్లున్న బ్రేకు ఉంటుంది. కిందికి తొక్కితే అది మంచులో దిగబడుతుంది. ఏం జరిగినా చేతులు వదలకూడదన్నది వాళ్లు నేర్పే మొదటి సూత్రం. మీరు పడిపోయినా కుక్కలు ఆగవు మరి. పరుగు గంట, గంటన్నర. తరువాత గుడారంలో నెగడు పక్కన వేడి భోజనం. తరచుగా అది రెయిన్‌డీర్ మాంసం పులుసో చేపల సూపో అవుతుంది, శాకాహారులైతే బుకింగ్ సమయంలోనే చెప్పాలి.

గంట పరుగుకు అంత ధరా అంటే, అక్కడి లెక్క అలాంటిది. మంచు ఉండేది డిసెంబరు నుంచి ఏప్రిల్ దాకా. కుక్కలకు మాంసం, కొవ్వు, పశువైద్యం మాత్రం పన్నెండు నెలలూ కావాలి. పెద్ద ఆవరణల్లో కుక్కలు వందల్లో ఉంటాయి. చలికాలం నాలుగైదు నెలల టిక్కెట్లే వాటిని ఏడాదంతా పోషించాలి. నార్వేలో జీతాలు కూడా తక్కువ కావు. అందుకే ఈ ఖర్చులో బేరానికి పోవద్దని నా సలహా. మిగతా పద్దుల్లో కోయండి, ఇందులో వద్దు.

ఏజెంటు కాగితంలో ‘హస్కీ అనుభవం’ అని ఉందే, నాకు అనుమానం అక్కడే. ఎన్ని కిలోమీటర్లు? బండి ఎవరు తోలుతారు? ఫిన్లాండ్‌లోని రొవానియెమిలో పర్యాటకుల కోసం అర కిలోమీటరు చుట్లు కూడా ఉన్నాయి, ఎక్కామో లేదో తెలియకముందే దిగేస్తాం. కుక్కల ఆవరణ చూపించి, పిల్లలకు కుక్కపిల్లలను ముద్దుచేసే అవకాశం ఇచ్చి వెనక్కి పంపే టిక్కెట్లు కూడా ఉన్నాయి. వాటినీ అనుభవం అనవచ్చు, అబద్ధమేమీ కాదు. ఈ రెండు ప్రశ్నలకు రాతపూర్వకంగా జవాబు రాకపోతే ఆ కాగితం పక్కన పెట్టండి.

సొంతంగా వెళితే నా అంచనా ఇది. హైదరాబాద్ నుంచి ట్రోమ్సోకు రానుపోను విమాన టిక్కెట్లు ముగ్గురికీ 2.9 లక్షలు. వంటగది ఉన్న అపార్ట్‌మెంట్ ఐదు రాత్రులకు, రాత్రికి 2,000 క్రోనర్ల చొప్పున 90,000. సరుకులు తెచ్చుకుని వండుకుంటే తిండికి 30,000. అక్కడి హోటల్లో ఒక్క మామూలు భోజనం పళ్లెమే 2,500 రూపాయలు దాటుతుంది కాబట్టి కుక్కర్‌ను సామాన్లలో సర్దుకోవడం సిగ్గుపడాల్సిన విషయం కాదు. మంచుబండి 53,000. వీసా, ప్రయాణ బీమా 32,000. లోపల వేసుకునే ఉన్ని దుస్తులకు 30,000. పైన వేసుకునే చలి సూటును కొనకండి, ఆ పూట వాళ్లే ఇస్తారు. స్థానిక బస్సులకు 20,000. అంతా కలిపితే 5.45 లక్షలు. చేతిలో ఇంకో 45,000 ఉంచుకుంటే 5.9 లక్షలు. ప్యాకేజీలో భారతీయ భోజనం, వెంట మేనేజరు, మరో రెండు మూడు రోజులు ఉంటాయి నిజమే. పాప అడిగింది మాత్రం అవి కాదు కదా.

సంక్రాంతి సెలవులు ఎంచుకోవడం తప్పు కాదు. వేరే సెలవులతో మంచు కలవదు. దసరాకు వెళితే చక్రాల బండి లాగిస్తారు, టిక్కెట్లు చవక, పాప మొహం మాత్రం చిన్నబోతుంది. జనవరి మధ్యలో ఒక ముచ్చట ఉంది. నవంబరు చివర దిగంతం కిందికి పోయిన సూర్యుడు మన సంక్రాంతి రోజుల్లోనే ట్రోమ్సోలో తిరిగి పైకి వస్తాడు. చుట్టూ కొండలు కాబట్టి ఊళ్లోవాళ్లకు కనిపించేది 21వ తేదీ ప్రాంతంలో. ఆ రోజు బన్నులు తిని పండగ చేసుకుంటారు. మీరు వెళ్లే వారంలో మధ్యాహ్నం చుట్టూ కొన్ని గంటల నీలి వెలుతురు మాత్రమే ఉంటుంది. అందుకే పొద్దున బయలుదేరే యాత్రనే బుక్ చేయండి, మధ్యాహ్నం తరువాతివి చీకట్లో కలిసిపోతాయి.

యాత్రను ఊరు చేరిన రెండో రోజున పెట్టుకోండి, చివరి రోజున కాదు. ట్రోమ్సో ఆర్కిటిక్ వలయానికి ఎంతో పైన ఉన్నా, వెచ్చటి సముద్ర ప్రవాహం వల్ల జనవరిలో సగటు ఉష్ణోగ్రత సున్నాకు మూడు నాలుగు డిగ్రీలే తక్కువ. అప్పుడప్పుడు వాన పడి మంచు గాజులా గడ్డకడుతుంది. బండ్లు తిప్పలేమని ఆ రోజుకు రద్దు చేస్తే, మరో రోజుకు మార్చుకునే వీలుండాలి. నిర్వాహకులు రద్దు చేస్తే డబ్బు వెనక్కి ఇస్తారా, మీరు రద్దు చేసుకుంటే ఎన్ని రోజుల ముందు చెప్పాలి అన్నవి డబ్బు కట్టకముందే చదవండి.

మన పెద్దలు ముగ్గురు కలిసి పనికి బయలుదేరకూడదంటారు. మంచుబండి విషయంలో ఆ మాట కొంత నిజం. బండికి సాధారణంగా ఇద్దరు, ఒకరు నిలబడి తోలితే ఒకరు కూర్చుంటారు. పాప తోలలేదు. ముగ్గురికి ఒకే బండి ఇస్తారా, లేక ఒకరిని గైడు బండిలో కూర్చోబెడతారా, దానికి అదనంగా తీసుకుంటారా అని ముందే ఉత్తరం రాసి అడగండి.

డబ్బు ఎప్పుడెప్పుడు కావాలో కూడా చూసుకోవాలి. టిక్కెట్లు నాలుగైదు నెలల ముందు కొనాలి, కాబట్టి రికరింగ్ డిపాజిట్‌ను పన్నెండు నెలలకు పెట్టి, తరువాత పొదుపు చేసేది స్వీప్ ఖాతాలో (ఎప్పుడైనా తీసుకోగలిగేలా, మిగులు డబ్బుకు ఎఫ్‌డీ వడ్డీ ఇచ్చే పొదుపు ఖాతా) ఉంచండి. షెంజెన్ వీసాకు (నార్వేతో సహా చాలా ఐరోపా దేశాలకు చెల్లే ఉమ్మడి వీసా) ప్రయాణానికి ఆరు నెలల ముందు నుంచి దరఖాస్తు చేసుకోవచ్చు. రుసుము పెద్దలకు 90 యూరోలు, పాప వయసు పిల్లలకు 45. మీరు వెళ్లేసరికి పాపకు పన్నెండు నిండవు కాబట్టి సగం రుసుమే. ప్రభుత్వ ఉద్యోగి కాబట్టి సెలవుల్లో వెళ్లినా విదేశీ ప్రయాణానికి మీ శాఖ అనుమతి తీసుకోవాలి. వీసాకూ ఆ కాగితం పనికొస్తుంది. మీ ఫైలు ఎన్ని బల్లలు తిరగాలో నాకంటే మీకే బాగా తెలుసు, దసరా లోపే కదిలించండి. వీసాకు బ్యాంకు స్టేట్‌మెంటు చూస్తారు. నెలనెలా పెరిగిన నిల్వ నమ్మకం కలిగిస్తుంది. నిన్న పడిన రుణం డబ్బు ప్రశ్నలు రప్పిస్తుంది.

నార్వే షెంజెన్‌లో ఉంది కానీ అక్కడ చెల్లేది యూరో కాదు. విదేశీ డబ్బు ముందే నింపుకునే ఫారెక్స్ కార్డు తీసుకుంటే అందులో నార్వే క్రోన్ ఉందో లేదో అడగండి. యూరోలు నింపుకుని వెళితే మార్పిడి రుసుము రెండుసార్లు పడుతుంది. మామూలు క్రెడిట్ కార్డయితే చాలా బ్యాంకులు 3.5 శాతం, దాని మీద 18 శాతం జీఎస్టీ వేస్తాయి. అక్కడ మీరు చేసే 1.9 లక్షల ఖర్చు మీద అది 7,800 రూపాయలు. దుకాణం యంత్రం రూపాయల్లో తీసుకోమంటారా అని అడిగితే వద్దని, క్రోనర్లలోనే కట్టండి. నగదు దాదాపు అవసరం పడదు. ఫారెక్స్ కార్డులో నింపే డబ్బు ఏడాదికి 10 లక్షలు దాటనంతవరకు టీసీఎస్ (డబ్బు కట్టేటప్పుడే ముందుగా వసూలు చేసే ఆదాయపు పన్ను) లేదు, ప్యాకేజీకైతే మొదటి రూపాయి నుంచే వసూలు చేస్తారు. అది పోయే డబ్బు కాదు, మీ జీతం మీద కోసే పన్నులో సర్దుకోవచ్చు, కానీ అప్పటిదాకా ఇరుక్కుని ఉంటుంది.

ప్రయాణ బీమా విషయంలో ఒక మాట. వీసాకు కనీసం 30,000 యూరోల వైద్య రక్షణ ఉండాలి, అది షెంజెన్ కోసం అమ్మే ఏ పాలసీకైనా ఉంటుంది. మీరు చూడాల్సింది సాహస క్రీడల మినహాయింపుల పేజీని. కుక్కలు లాగే బండి కొన్ని పాలసీల్లో రక్షణలోకి వస్తుంది, కొన్నింటిలో అదనపు ప్రీమియం కడితేనే వస్తుంది. మలుపులో బండి తిరగబడి మణికట్టు బెణకడం అక్కడ వింతేమీ కాదు. బీమా ఏజెంటు పంపే ఒక పేజీ సారాంశం చాలదు, పాలసీ పూర్తి పత్రం తెప్పించుకుని కుక్కల బండి పేరు అందులో ఉందో లేదో వెతకండి. లేకపోతే బీమా సంస్థకు ఈమెయిల్ రాసి, వాళ్ల జవాబు వచ్చాకే ప్రీమియం కట్టండి.