స్ట్రింగ్స్ మార్చాక ట్యూనింగ్ నిలబడట్లేదా? ట్యూనర్ల జోలికి ఇప్పుడే వెళ్లకండి

ఎలక్ట్రిక్ గిటార్‌కి మొదటిసారి మీరే స్ట్రింగ్స్ మార్చుకున్నారు, పది నిమిషాలకే శ్రుతి జారిపోతోంది, ట్యూనర్లు (గిటార్ తల మీద తీగ బిగించే మరలు) మార్చమని షాపువాళ్లు అంటున్నారు, కొత్తవాళ్లు ఎక్కడ తప్పు చేస్తారు అని అడిగారు. ముందు ఒక్క మాట: ట్యూనర్లకు డబ్బు పెట్టకండి. నేను చూసిన గిటార్లలో తప్పు ట్యూనర్లది కావడం చాలా అరుదు. తీగ చుట్టిన తీరులో ఉంటుంది, లేదా చుట్టినవాళ్ల తొందరలో ఉంటుంది. ఇది నాకు ఒక్క రాత్రిలో తెలిసింది.

2015 వినాయక నవరాత్రులు. పద్మారావు నగర్‌లో మా అపార్ట్‌మెంట్ మండపం దగ్గర పాటల కార్యక్రమం పెట్టారు. నాది సెకండ్ హ్యాండ్‌లో కొన్న స్ట్రాటోకాస్టర్ తరహా గిటార్, ట్రెమొలో బ్రిడ్జ్ (తీగల కింది చివర్లు పట్టుకునే భాగం, కడ్డీ నొక్కితే ఊగేది) ఉన్నది. తీగలు తుప్పు పట్టి వేళ్లకు నల్లగా అంటుతున్నాయి. మర్నాడే కార్యక్రమం కాబట్టి సాయంత్రం ఆఫీసు నుంచి వస్తూ కొత్త సెట్ కొన్నాను. గిటార్ మీద ఉన్నది 9 గేజ్. గేజ్ అంటే తీగ మందం, అంకె పెరిగితే తీగ లావు. సౌండ్ నిండుగా వస్తుందని షాపతను చెబితే 10 తీసుకున్నాను. ఇంటికొచ్చి కటింగ్ ప్లయర్‌తో ఆరు తీగలూ టకటకా కత్తిరించేశాను, వదులు కూడా చేయకుండా.

ఏడున్నరకు మొదలుపెట్టాను. లావు ఇ తీగ శ్రుతికి తెచ్చి ఎ తీగకి వెళ్లాను. దాన్ని సరిచేసి వెనక్కొస్తే ఇ దిగిపోయి ఉంది. ఇ మళ్లీ పెంచితే ఎ దిగింది. డి ఎక్కిస్తే రెండూ దిగాయి. ట్రెమొలో బ్రిడ్జ్ పనిచేసేదే అలా. ముందు నుంచి ఆరు తీగలు లాగుతుంటాయి, వెనక ప్లేటు కింద ఉన్న స్ప్రింగులు అటు లాగుతుంటాయి. ఆ రెండు లాగుళ్లూ సరిసమానంగా ఉన్నచోట బ్రిడ్జ్ నిలబడుతుంది. ఒక తీగ బిగిస్తే బ్రిడ్జ్ కాస్త ముందుకు వంగుతుంది, మిగతా తీగలు ఆ మేరకు వదులవుతాయి. ఇదంతా ఆ రోజు నాకెవరూ చెప్పలేదు. రెండేళ్లు క్లాసుకి వెళ్లాను, నెలనెలా ఫీజు కట్టాను, బార్ కార్డ్స్ (ఒకే వేలితో తీగలన్నీ అదిమి వాయించేవి) నేర్పారు, పరీక్షలకు తయారు చేశారు. తీగ ఎలా కట్టాలో ఒక్క రోజు కూడా చూపించలేదు. చేత్తో చేయాల్సిన ఈ పని అరగంటలో నేర్పవచ్చు. నేర్పరు. ఆ కోపం నాకు ఇప్పటికీ ఉంది.

తొమ్మిదిన్నర అయ్యేసరికి సన్న ఇ తీగ దాకా వచ్చాను. ఫోన్లో ట్యూనర్ యాప్ పెట్టుకుని తిప్పుతున్నాను. యాప్ ఇ అని మాత్రమే చూపిస్తుంది, ఏ స్థాయి ఇ అని చెప్పదు. కింద మండపంలో మైకు మోగుతోంది, చెవికి ఏమీ అందట్లేదు. సరైన చోటు ఎప్పుడో దాటిపోయాను, ముల్లు మళ్లీ ఇ దగ్గరికి వస్తుందని తిప్పుతూనే ఉన్నాను. ఆ తీగ 330 హెర్ట్జ్ దగ్గర ఆగాలి. ఆ పైన వచ్చే ఇ 660 దగ్గర ఉంటుంది. శ్రుతి రెట్టింపు కావాలంటే లాగుడు నాలుగింతలు కావాలి, పదో గేజ్ తీగ అంత ఎక్కడ తట్టుకుంటుంది? ఫట్‌మని తెగి చెంప మీద గీసింది. రెండు అంగుళాలు పైకి తగిలి ఉంటే కన్ను. అందుకే ఎవరు అడిగినా చెబుతున్నాను, మొహం గిటార్ మీదికి వంచి తీగ బిగించకండి. పాత తీగ మీటి దాని స్వరం ముందే చెవిలో పెట్టుకోండి, ఆ తర్వాతే యాప్.

ఆ వేళకు షాపులన్నీ కట్టేశారు. మల్కాజిగిరిలో ఉండే ఒక అన్నకి ఫోన్ చేశాను. ఆర్కెస్ట్రాల్లో చాలా ఏళ్లు వాయించిన మనిషి. వానలో బండి మీద వచ్చాడు, జేబులో విడి తీగ ఒకటి తెచ్చాడు. తెగినదాన్ని చూడలేదు. నేరుగా గిటార్ తల పట్టుకుని వెలుతురులోకి తిప్పాడు.

"గిన్ని చుట్లెందుకు తమ్మీ?"

బి తీగకి ఎనిమిది చుట్లున్నాయి, ఒకదాని మీద ఒకటి ఎక్కి, దారపు ఉండలా. ఎక్కువ చుడితే గట్టిగా పట్టుకుంటుందని నా నమ్మకం. కానీ ఒకదాని మీద ఒకటి ఎక్కిన చుట్లు వాయించినకొద్దీ సర్దుకుంటూ ఉంటాయి. అవి సర్దుకున్నప్పుడల్లా శ్రుతి దిగుతుంది. అన్న అన్నీ విప్పించాడు. బ్రిడ్జ్ కడ్డీ (ఆర్మ్) నొక్కి, బ్రిడ్జ్ వెనక అంచుకీ బాడీకీ మధ్య సందులో విజిటింగ్ కార్డులు మడిచి దూర్చాడు, బ్రిడ్జ్ ఊగకుండా. తర్వాత ఒక్కో తీగ: పోస్ట్ (ట్యూనర్ మీద తీగ చుట్టే పొట్టి కడ్డీ) కన్నంలోంచి లాగి, పోస్ట్ దాటాక రెండు అంగుళాలు లెక్కపెట్టి, అంతమేర వెనక్కి వదిలి, బొటనవేలితో అక్కడ గట్టిగా వంచాడు. ఆ వంపు పోస్ట్ కన్నం దగ్గర కొక్కెంలా పట్టుకుంది. ఎడమ చేత్తో తీగను నట్ (మెడ పైచివర తీగలు కూర్చునే గాడి ఉన్న చిన్న పట్టీ) మీద అదిమిపెట్టి కుడి చేత్తో తిప్పాడు. చుట్లు ఒకదాని కింద ఒకటి బుద్ధిగా దిగాయి, సన్న తీగలకి మూడు, లావు వాటికి రెండు. అంతే.

అన్నీ శ్రుతికి వచ్చాక కార్డులు వాటంతటవే ఊడిపడ్డాయి. బ్రిడ్జ్ ముందుకు లేచింది. గేజ్ మార్చినందుకు అది. 9 సెట్ మొత్తం లాగుడు సుమారు 38 కిలోలు, 10 సెట్‌ది 47 దాకా ఉంటుంది. వెనక స్ప్రింగులకి ఆ మాట ఎవరు చెప్పాలి? ప్లేటు విప్పి స్ప్రింగులను పట్టుకున్న రెండు స్క్రూలు కొంచెం కొంచెం బిగిస్తూ, మళ్లీ ట్యూన్ చేస్తూ, బ్రిడ్జ్ పాత ఎత్తుకి తెచ్చాడు.

అప్పటికీ శ్రుతి జారుతుంటే ట్యూనర్లు పోయాయేమో అన్నాను. "ట్యూనర్లు మంచిగనే ఉన్నయ్. తీగ ఇంకా కూసోలే" అన్నాడు. పన్నెండో ఫ్రెట్ (మెడ మీది అడ్డపట్టీ) దగ్గర ఒక్కో తీగను వేలితో మెల్లగా పైకి లాగాడు, ట్యూన్ చేశాడు, మళ్లీ లాగాడు. నాలుగోసారికి ముల్లు కదల్లేదు. మర్నాడు రెండు గంటలు వాయించాను, ఒక్కసారి సరిచేసుకున్నానంతే.

ఆ రాత్రి ఇంకో తప్పు కూడా చేశాను, దాన్ని ఎవరూ తప్పుగా లెక్కపెట్టరు. కత్తిరించిన తీగ ముక్కలు నేల మీదే వదిలేశాను. పొద్దున అమ్మ ఊడుస్తుంటే సన్న ముక్క అరికాల్లో దిగింది. చెప్పుల్లేకుండా తిరిగే ఇళ్లు మనవి. తెల్ల కాగితం పరిచి దాని మీదే కత్తిరించండి, లెక్కపెట్టి పారేయండి.

తీగలన్నీ ఒకేసారి తీస్తే మెడ వంగిపోతుందని భయపెడుతుంటారు, నమ్మకండి. ఫ్రెట్‌బోర్డ్ తుడుచుకునే కాసేపట్లో మెడకి ఏమీ కాదు. ఫిక్స్‌డ్ (కదలని) బ్రిడ్జ్ అయితే హాయిగా అన్నీ తీయండి. ట్రెమొలో అయినా, ఫ్లాయిడ్ రోజ్ (తీగలను లాక్ చేసే ట్రెమొలో రకం) అయినా ఒక్కొక్కటే మార్చండి, లేదంటే నేను చెప్పినట్టు బ్రిడ్జ్‌ని ఆపి పెట్టండి. తిప్పుతున్నప్పుడు నట్ దగ్గర టిక్‌మని శబ్దం వస్తే ఆ గాడిలో పెన్సిల్ ముక్కుతో రుద్దండి, గ్రాఫైట్‌కి తీగ జారుతుంది.

మీ బ్రిడ్జ్ ఏ రకమో, పాత గేజ్ ఎంతో, కొత్తది ఎంతో రాయలేదు. సన్న ఇ తీగకి ఎన్ని చుట్లున్నాయో కూడా చూసి రాయండి. అవి తెలిస్తే షాపుకి వెళ్లాలో వద్దో చెబుతాను.