గొట్టం తీసి మళ్లీ పెట్టారు.. పాప ఊపిరితిత్తులు పాడయ్యాయా?

ప్రశ్న: పెళ్లయిన ఆరేళ్లకు మాకు పాప పుట్టింది. 27 వారాలకే కాన్పు అయింది, బరువు 920 గ్రాములు. పుట్టగానే వెంటిలేటర్ పెట్టారు. ఎనిమిదో రోజు గొట్టం తీశారు, మూడు రోజులకే మళ్లీ వేశారు. ఇప్పుడు పాపకు 14 రోజులు. ఊపిరితిత్తులు పాడైనట్టేనా? కాఫీలో ఉండే మందేదో ఇస్తున్నారట, అది ఇంత చిన్న బిడ్డకు మంచిదేనా? బిల్లు కోసమే ఇలా సాగదీస్తున్నారని బంధువులు అంటున్నారు.
- ఒక పాఠకుడు, కరీంనగర్

జవాబు: ముందు బిల్లు సంగతి. మీ ఆసుపత్రి ఎలాంటిదో నాకు తెలియదు. కానీ గొట్టం మళ్లీ వేశారన్న ఒక్క కారణంతో అనుమానపడకండి. 28 వారాల లోపు పుట్టిన బిడ్డల్లో ముగ్గురిలో ఒకరికైనా ఇలా జరుగుతుంది. అన్నీ సరిగ్గా చూసుకుని తీసినా జరుగుతుంది.

ఎందుకంటే ఊపిరి తీయాలని గుర్తు చేసే మెదడు భాగం 27 వారాలకు ఇంకా పక్వానికి రాదు. బిడ్డ హాయిగా ఊపిరి తీస్తూ తీస్తూ ఉన్నట్టుండి ఆగిపోతుంది. 20 సెకన్లు గడిచేసరికి గుండె వేగం పడిపోతుంది, మానిటర్ మోగుతుంది. నర్సు వచ్చి అరికాలి మీద వేలితో తడితే మళ్లీ మొదలుపెడుతుంది. నవజాత శిశువుల ఐసీయూ (ఎన్‌ఐసీయూ)లో మాకిది రోజూ కనిపించేదే. అయితే గంటగంటకూ తట్టాల్సి వస్తుంటే, తట్టినా తేరుకోకపోతుంటే గొట్టం వేయక తప్పదు. పైగా పక్కటెముకలు ఇంకా మెత్తగా ఉంటాయి. గట్టిగా ఊపిరి లాగితే ఛాతీ లోపలికి పోతుంది, బిడ్డ అలసిపోతుంది. ఇన్ఫెక్షన్ వచ్చినా, గుండె దగ్గర మూసుకోవాల్సిన రక్తనాళం తెరుచుకునే ఉన్నా, రక్తం తగ్గినా ఇదే పరిస్థితి. మీ పాప విషయంలో వీటిలో ఏది కారణమో డాక్టరును అడగండి. అన్నిటికంటే ముందు అడగాల్సింది ఇదే.

అంత తొందరపడి తీయడమెందుకు, ఉంచేస్తే పోలేదా అని కొందరు అంటారు. వెంటిలేటర్ ఒత్తిడి, ఎక్కువ ఆక్సిజన్ లేత ఊపిరితిత్తులను గాయపరుస్తాయి. గొట్టం వెంట క్రిములూ చేరతాయి. అందుకే వీలు దొరికిన వెంటనే తీసి, ముక్కు ద్వారా గాలి ఒత్తిడి ఇచ్చే సీపాప్ మీదికి మారుస్తాం. తీసే ముందు మెషీన్ ఒత్తిడి కొద్దికొద్దిగా తగ్గిస్తాం. ఆక్సిజన్ 30 శాతం దరిదాపుల్లోకి వచ్చిందా, రక్తంలో కార్బన్ డయాక్సైడ్ పెరగకుండా ఉందా అని చూస్తాం. మనం పీల్చే మామూలు గాలిలో ఆక్సిజన్ 21 శాతం. కాబట్టి పాపకు ఇస్తున్నది రోజురోజుకూ 21కి దగ్గరవుతుంటే మంచి కబురే.

మానిటర్ మీద రక్తంలోని ఆక్సిజన్ శాతం 92, 93 అని కనిపిస్తే ‘100 ఎందుకు లేదు’ అని టెన్షన్ పడకండి. ఆక్సిజన్ ఇస్తున్న ఇలాంటి బిడ్డలకు 90 నుంచి 95 మధ్య ఉంచుతాం. అంతకు మించితే కళ్లకు ముప్పు.

ఊపిరితిత్తులు పాడయ్యాయా అన్నది ఇవాళ తేల్చే విషయం కాదు. గర్భం లెక్కన 36 వారాలు వచ్చేసరికి ఇంకా ఆక్సిజన్ గానీ మెషీన్ సాయం గానీ కావాల్సి వస్తుంటే దాన్ని బీపీడీ (ఊపిరితిత్తుల దీర్ఘకాలిక జబ్బు) అంటాం. మీ పాపకు ఇప్పుడు 29 వారాలు. ఇంకా ఏడు వారాల గడువుంది. ఈలోగా రెండోసారో మూడోసారో గొట్టం తీసి నిలదొక్కుకున్న పిల్లలు ఎందరో ఉన్నారు. అప్పటికీ కుదరకపోతే తక్కువ మోతాదు స్టెరాయిడ్ ప్రస్తావన రావచ్చు. దాని లాభనష్టాలు రెండూ వివరించమని అడగండి.

కాఫీ మందు గురించి భయం వద్దు. అది కెఫీన్ సిట్రేట్, ఊపిరి తీయాలని గుర్తు చేసే ఆ మెదడు భాగాన్ని మేల్కొలుపుతుంది. 500 నుంచి 1,250 గ్రాముల బరువుతో పుట్టిన సుమారు 2 వేల మంది పిల్లలపై చేసిన పెద్ద అధ్యయనం ఫలితాలు 2006లో వచ్చాయి. కెఫీన్ ఇచ్చినవారు ఇవ్వనివారి కంటే వారం రోజుల ముందే మెషీన్ నుంచి బయటపడ్డారు, బీపీడీ కూడా తగ్గింది. గుండె వేగం మరీ పెరిగితే డోసు ఆపుతారు. ‘అయితే రెండు చుక్కలు మన ఫిల్టర్ కాఫీ నాలుకకు రాద్దాం’ అని ఏ పెద్దావిడైనా అంటే మాత్రం చేతులెత్తి దండం పెట్టండి. నాకు ఆ అనుభవం ఉంది.

బంధువుల మాట విని పాపను వేరే ఊరికి తరలించకండి. గొట్టంతో ఉన్న బిడ్డకు అంబులెన్స్ ప్రయాణమే పెద్ద గండం. అనుమానం తీరకపోతే కేస్ షీట్ కాపీ అడిగి మరో నవజాత శిశు వైద్యుడికి చూపించండి. మీ భార్య పాలు పిండి ఇస్తూనే ఉండాలి. గొట్టం ఉన్నా, పొట్టలోకి వేసిన సన్న ట్యూబు ద్వారా ఆ పాలు పట్టవచ్చు.

రేపు రౌండ్స్‌లో ఇంకొకటి అడగండి. ఇంత ముందుగా పుట్టిన పిల్లలకు కంటి లోపలి పొర (రెటీనా) పరీక్ష పుట్టిన రెండు మూడు వారాల్లోనే మొదలుపెట్టాలి. మీ పాపకు ఆ సమయం వచ్చేసింది. గొట్టం ఉన్నా మంచం దగ్గరే చేస్తారు. తేదీ కనుక్కుని రాసి పెట్టుకోండి.