ఇమ్మిగ్రెంట్ వీసా వచ్చింది, మరి ఇక్కడి సీనియర్ సిటిజన్ వడ్డీల సంగతేంటి?

ప్రశ్న: నాకు 66, మా ఆవిడకి 62. కేంద్ర ప్రభుత్వ ఉద్యోగంలో రిటైరయ్యాను, కూకట్‌పల్లిలో సొంత ఫ్లాట్. డాలస్‌లో ఉన్న మా అబ్బాయి మా ఇద్దరికీ గ్రీన్ కార్డుకి పెట్టాడు. ముంబైలో ఇంటర్వ్యూ అయింది, వీసా స్టాంపు పడింది. పెన్షన్ నెలకి 58,000. సీనియర్ సిటిజన్ సేవింగ్స్ స్కీములో 2023లో 30 లక్షలు వేశాను, బ్యాంకు ఎఫ్‌డీల్లో ఇంకో 40 లక్షలు ఉన్నాయి. అక్కడికి వెళ్తే ఇక్కడి సీనియర్ లాభాలు పోతాయా? అక్కడ సీనియర్లకి అన్నిట్లోనూ డిస్కౌంట్లు ఉంటాయంటున్నారు, అవి మాకూ వస్తాయా?

జవాబు: సార్, మీ రెండో ప్రశ్నకి ముందు జవాబు చెప్పేస్తాను, అది చిన్నది కాబట్టి. వస్తాయి. అక్కడ చాలా డిస్కౌంట్లు పౌరసత్వం చూసి కాదు, వయసు చూసి ఇస్తారు. ఫెడరల్ ప్రభుత్వ డబ్బుతో నడిచే సిటీ బస్సుల్లో, రైళ్లలో రద్దీ లేని వేళల్లో 65 దాటినవాళ్లకి సగం టికెట్టే. ఆమ్‌ట్రాక్ రైళ్లలో 65 దాటితే 10 శాతం తగ్గింపు. నేషనల్ పార్కుల సీనియర్ పాస్ మాత్రం 62 నిండిన అమెరికా పౌరులకి, గ్రీన్ కార్డు ఉన్నవాళ్లకి మాత్రమే, విజిటర్ వీసా మీద వెళ్లినవాళ్లకి ఇవ్వరు. ఒక్కసారి 80 డాలర్లు కడితే జీవితాంతం పనికొస్తుంది, కారులో మీతో ఉన్నవాళ్లకీ ఎంట్రీ ఉంటుంది, మేడమ్ గారి పేరు మీదైనా తీసుకోవచ్చు. హోటళ్లు, సినిమా హాళ్లు ఎవరి లెక్క వాళ్లది, కొన్నిచోట్ల 60, కొన్నిచోట్ల 65, అడిగితే తప్ప బిల్లులో తగ్గించరు, అడగడానికి మొహమాటపడకండి. వెళ్లిన వెంటనే అబ్బాయి చేత స్టేట్ ఐడీ కార్డు చేయించుకుంటే ప్రతిచోటా పాస్‌పోర్టు మోసుకెళ్లే బాధ తప్పుతుంది.

ఇక అసలు సంగతి. ఇక్కడ మీరు పోగొట్టుకునేది అక్కడి డిస్కౌంట్లన్నీ కలిపినా పూడేది కాదు, అందుకే మీ మొదటి ప్రశ్న మీద ఎక్కువసేపు ఆగుతున్నాను.

మన దగ్గర సీనియర్ సిటిజన్‌కి ఇచ్చే ఆర్థిక లాభాల్లో చాలావాటి వెనక ఒక మాట దాగి ఉంటుంది, 'రెసిడెంట్' అని. వయసు ఒక్కటే చాలదు, ఇక్కడ నివాసి అయి ఉండాలి. ఎఫ్‌డీల మీద మీకు వచ్చే ఆ అర శాతం ఎక్కువ వడ్డీనే తీసుకోండి. ఎన్ఆర్ఐల ఎన్ఆర్ఓ (ఇక్కడి ఆదాయం వేసుకునేది), ఎన్ఆర్ఈ (విదేశంలో సంపాదించింది వేసుకునేది) డిపాజిట్ల మీద ఆ అదనపు వడ్డీ ఇవ్వకూడదని రిజర్వు బ్యాంకు నిబంధనే ఉంది, మేనేజర్ ఎంత తెలిసినవాడైనా ఏమీ చేయలేడు. మీ 40 లక్షల మీద అర శాతం అంటే ఏడాదికి 20,000. స్థిరపడే ఉద్దేశంతో వెళ్తే మీ సేవింగ్స్ ఖాతాని ఎన్ఆర్ఓగా మార్చాల్సిందే. ఎవరికి తెలుస్తుందిలే అని అలాగే వదిలేసేవాళ్లు చాలామంది ఉన్నారు, మీరు మాత్రం ఆ పని చేయకండి. నా దగ్గరికి వచ్చిన ఒక పెద్దాయన నాలుగేళ్లు అలా నడిపించి, తర్వాత ఫ్లాటు అమ్మిన డబ్బు అమెరికాకి పంపబోతే ఆ పాత లెక్కలన్నీ బయటికి తీసి సర్దుకోవాల్సి వచ్చింది, ఆ వయసులో ఆయన పడ్డ టెన్షన్ నేను కళ్లారా చూశాను.

టాక్సు లెక్క ఇంకా పెద్దది. మీ అంకెలే వేసి చూపిస్తాను. పెన్షన్ ఏడాదికి 6,96,000. సీనియర్ స్కీములో 8.2 శాతం చొప్పున 2,46,000. ఎఫ్‌డీల మీద 7 శాతం అనుకుంటే 2,80,000. మొత్తం 12,22,000. కొత్త పద్ధతిలో స్టాండర్డ్ డిడక్షన్ 75,000 తీసేస్తే 11,47,000 మిగులుతుంది. రెసిడెంట్‌గా ఉంటే 12 లక్షల లోపే కాబట్టి రిబేటు వచ్చి మీరు కట్టే టాక్సు సున్నా. అదే ఆదాయం, అదే మనిషి, ఎన్ఆర్ఐ అయ్యాక ఆ రిబేటు ఉండదు. మొదటి 4 లక్షలకి ఏమీ లేదు, తర్వాతి 4 లక్షలకి 5 శాతం, మిగిలినదానికి 10 శాతం, కలిపితే 54,700, దాని మీద 4 శాతం సెస్సు, మొత్తం 56,888 రూపాయలు. ఇది కాక ఎన్ఆర్ఓ వడ్డీ మీద బ్యాంకు ముందే 31.2 శాతం టీడీఎస్ కోసేస్తుంది, ఎక్కువ కోసింది వెనక్కి రావాలంటే ఇక్కడ రిటర్ను వేయాలి. అమెరికా నుంచి రెసిడెన్సీ సర్టిఫికెట్ తెప్పించుకుంటే రెండు దేశాల ఒప్పందం ప్రకారం ఆ వడ్డీ మీద 15 శాతమే కోయించుకోవచ్చు, ఆ కాగితం పని అబ్బాయికి ఇప్పుడే చెప్పి పెట్టండి.

కాస్త ఊరట ఏంటంటే, విమానం ఎక్కిన ఏడాదే మీరు టాక్సు పరంగా ఎన్ఆర్ఐ అయిపోరు. ఉద్యోగం కోసం వెళ్లడం లేదు కాబట్టి ఆ ఆర్థిక సంవత్సరంలో ఇక్కడ 60 రోజులు, అంతకు ముందు నాలుగేళ్లలో కలిపి 365 రోజులు ఉంటే ఆ ఏడాదికి రెసిడెంటే. బ్యాంకు చూసే ఎన్ఆర్ఐ లెక్క వేరు, ఇన్‌కమ్ టాక్స్ వాళ్ల లెక్క వేరు, ఈ రెండూ కలిపేసుకుని కంగారుపడేవాళ్లు ఎక్కువ.

సీనియర్ స్కీము ఎన్ఆర్ఐలు కొత్తగా తెరవలేరు. మీది 2023లో వేసింది, అయిదేళ్లంటే 2028 దాకా, మధ్యలో కదిలిస్తే కోత పడుతుంది, దాన్ని పగలగొట్టకండి. వెళ్లేముందు మీ పోస్టాఫీసుకో బ్యాంకుకో వెళ్లి, ఈ ఖాతా ఎలా కొనసాగుతుందో కాగితం మీద అడిగి తీసుకోండి. రైలు రాయితీ పోతుందేమోనన్న దిగులు వద్దు, అది 2020 మార్చి నుంచి ఇక్కడున్నవాళ్లకే లేదు. పెన్షన్ ఎక్కడికీ పోదు, ఎన్ఆర్ఓ ఖాతాలో పడుతుంది, ఏటా నవంబరులో లైఫ్ సర్టిఫికెట్ ఇవ్వాలి, హ్యూస్టన్‌లో ఉన్న మన కాన్సులేట్ ద్వారా కూడా ఇవ్వొచ్చు.

వీటన్నిటికంటే నాకు భయం వేసేది హాస్పిటల్ ఖర్చు గురించి. మెడికేర్ (అమెరికా ప్రభుత్వం పెద్దవాళ్లకి ఇచ్చే ఆరోగ్య బీమా) ఉంటుంది కదా అని చాలామంది అనుకుంటారు. గ్రీన్ కార్డుతో వెళ్లిన తల్లిదండ్రులకి 65 దాటినా సరే, అక్కడ వరసగా అయిదేళ్లు ఉన్నాకే అది. అప్పుడు కూడా అక్కడ పదేళ్లు పనిచేసి పన్ను కట్టనివాళ్లు ప్రీమియం పెట్టి కొనుక్కోవాలి. 2025 రేట్ల ప్రకారం పార్ట్ ఏ (హాస్పిటల్లో చేరితే అయ్యే ఖర్చుకి) నెలకి 518 డాలర్లు, పార్ట్ బీ (డాక్టర్ల ఫీజులకి) 185. ఇద్దరికీ కలిపి 1,406 డాలర్లు, మీ నెల పెన్షన్ మొత్తం పెట్టినా చాలదు. ఆ అయిదేళ్లూ ప్రభుత్వ మార్కెట్‌ప్లేస్‌లో (బీమా పాలసీలు అమ్మే ప్రభుత్వ వెబ్‌సైటు) ప్రైవేటు పాలసీ కొనుక్కోవాలి, దిగిన 60 రోజుల్లోపు అప్లై చేయాలి, ఆ గడువు దాటితే తర్వాతి సీజన్ దాకా ఆగాలి. అబ్బాయి మిమ్మల్ని తన టాక్సులో డిపెండెంట్లుగా చూపిస్తే సబ్సిడీకి అతని జీతం లెక్కలోకి వస్తుంది, అంటే మీకు పైసా తగ్గకపోవచ్చు. టికెట్లు కొనకముందే అబ్బాయిని కూర్చోబెట్టి, నెలకి ఇంత అవుతుంది, ఇది నువ్వు కడతావా మేం కట్టాలా అని తేల్చుకోండి, ఇంట్లో ఈ మాట ఎత్తడం ఇబ్బందే, కానీ బిల్లు వచ్చాక ఎత్తడం ఇంకా కష్టం.

ఇక్కడి హెల్త్ పాలసీని మాత్రం ఆపకండి. అక్కడ మనసు నిలవక ఏడాదిన్నరకి వెనక్కి వచ్చే తల్లిదండ్రులు చాలామంది ఉన్నారు, అప్పుడు 68 ఏళ్లకి బీపీ, షుగర్‌తో కొత్త పాలసీ అంటే వెయిటింగ్ పీరియడ్ మళ్లీ మొదటి నుంచి. పైగా 2025 సెప్టెంబరు 22 నుంచి ప్రీమియం మీద 18 శాతం జీఎస్టీ కూడా తీసేశారు, భారం కాస్త తగ్గింది.

ఇంకో ముఖ్యమైన సంగతి, అమెరికాకి మీ ఇక్కడి ఆదాయం మొత్తం చెప్పాలి, ఇక్కడి ఖాతాలన్నీ కలిపి ఏడాదిలో ఎప్పుడైనా 10,000 డాలర్లు దాటితే ఎఫ్‌బార్ అనే రిపోర్టు వేయాలి. మీవి 70 లక్షలు, కాబట్టి తప్పదు. జరిమానాలు గట్టిగా ఉంటాయి, అబ్బాయి టాక్సులు చూసే సీపీఏకి (అక్కడి అకౌంటెంట్) మీ ఖాతాల చిట్టా మొదటి ఏడాదే ఇవ్వండి.

నన్నడిగితే, వీసా గడువు లోపు వెళ్లండి, గ్రీన్ కార్డు తీసుకోండి, కానీ మొదటి ఏడాది ఫ్లాటు అమ్మకండి, ఎఫ్‌డీలు కదిలించకండి. అక్కడ ఉండగానే రీఎంట్రీ పర్మిట్‌కి (తిరిగి అమెరికా వెళ్లడానికి ముందే తీసుకునే అనుమతి) అప్లై చేసుకోండి, అది ఉంటే ఏడాది దాటి రెండేళ్ల లోపు దాకా ఇక్కడ ఉండిపోయినా, ఆ ఒక్క కారణంతో గ్రీన్ కార్డు వదులుకున్నట్టు లెక్కకట్టరు. మేడమ్ గారికి అక్కడ పొద్దు గడుస్తుందా, డాలస్‌లో కారు లేకుండా మీరిద్దరూ గుడికైనా వెళ్లగలరా, ఇవి ఒక చలికాలం గడిచాకే తెలుస్తాయి. స్థిరపడాలనే తేల్చుకుంటే బయల్దేరేముందు ఆ బ్యాంకు పాస్‌బుక్కులు, సీనియర్ స్కీము పాస్‌బుక్కు, పెన్షన్ ఆర్డరు ఒక ఫైల్లో పెట్టుకుని, ప్రతి ఖాతాలో నామినీ పేరు ఉందో లేదో ఒక్కసారి చూసుకోండి, అక్కడి నుంచి మార్చాలంటే నెలలు పడుతుంది.