వాడు మంచివాడుగానే రావాలి

హారికా,

నీ కథ రెండుసార్లు చదివాను. మొదటిసారి ఫోన్‌లో, రెండోసారి మనవడి చేత ప్రింట్ తీయించుకుని. మద్దిలపాలెంలో హాస్టల్, మెస్‌లో నీళ్ల సాంబారు, ఆర్కే బీచ్‌లో ఒక్కర్తే కూర్చుని మొక్కజొన్న పొత్తు తినే ఆ పిల్ల, అదంతా బాగుంది, అక్కడ వేలు పెట్టను. చిక్కంతా ఆమెని తీవ్రవాద ముఠాలోకి లాగే ఆ అబ్బాయి వచ్చిన దగ్గర మొదలైంది. "అతని కళ్లలో క్రూరత్వం తొంగిచూసింది" అని రాశావు. వాడు చాట్ చేస్తున్నాడు కదమ్మా, వాడి కళ్లు ఎవరికి కనిపించాయి?

తీవ్రవాద ముఠాల్లోకి ఆడపిల్లల్ని లాగేవాళ్ల గురించి రాసేటప్పుడు చాలామంది ఇక్కడే బోల్తా పడతారు. చదివేవాడికి మొదటి పేజీలోనే విలన్ ఎవరో తెలిసిపోతుంది, పిల్లకి మాత్రం చివరిదాకా తెలియదు, దాంతో "ఎంత తెలివితక్కువదో" అనుకుని పక్కన పడేస్తాడు. నీ కథలో అందరికంటే మంచివాడు వాడే అవ్వాలి. వాడి మెసేజ్ చూస్తే నాక్కూడా రిప్లై ఇవ్వాలనిపించాలి.

2015లో అమెరికా పత్రికల్లో ఒకమ్మాయి సంగతి వచ్చింది. వాషింగ్టన్ రాష్ట్రంలో పల్లె ప్రాంతం, 23 ఏళ్లు, తాతగారింట్లో ఉంటూ చర్చిలో పిల్లలకి ఆదివారం బడి నడిపేది. ఐసిస్ వాళ్లు ఒక జర్నలిస్టుని చంపారన్న వార్త చూసి, అసలు వీళ్లు ఎందుకిలా చేస్తారో అడుగుదామని ట్విట్టర్‌లో పలకరించింది. అవతలివాళ్లు ఓపిగ్గా జవాబిచ్చారు. గంటలకి గంటలు మాట్లాడారు. తర్వాత పార్శిళ్లు పంపారు, వాటిలో చాక్లెట్లు కూడా ఉన్నాయి. చాక్లెట్లు! ఇంట్లో తెలిసి పెద్ద గొడవయ్యాక కూడా ఆ పిల్ల మాటలు పూర్తిగా మానలేకపోయింది.

నీవాడేమో మూడో మెసేజ్‌కే స్వర్గం, యుద్ధం, త్యాగం అని ఉపన్యాసం ఎత్తుకున్నాడు. అదంతా తీసెయ్. రాత్రి పదకొండున్నరకి "మీ అమ్మగారికి తలనొప్పి తగ్గిందా?" అని అడిగించు. నాలుగు రోజుల కిందట ఆ పిల్ల మాటల్లో జారిన ముక్క, రూమ్మేట్‌కి గుర్తులేదు, నాన్న అసలు పట్టించుకోలేదు, వాడికి గుర్తుంది. ఇంకో వారానికి "ఇక్కడ వద్దు, వేరే యాప్‌లోకి రా" అనాలి. ఆ తర్వాత "మన సంగతి రూమ్మేట్‌కి చెప్పకు, తనకి అర్థం కాదు" అనాలి. ప్రతీదీ చిన్న కోరికే, కాదనడానికి మొహమాటం అడ్డొచ్చేంత చిన్నది. మధ్యలో రెండు రోజులు వాడు మాయమవ్వాలి. ఆ పిల్ల బాత్రూమ్‌కి కూడా ఫోన్ పట్టుకెళ్లాలి. టికెట్ కొనమని అడిగే రోజుకి ఆమె ఎప్పుడో బయల్దేరిపోయి ఉండాలి.

లాగేది ఎప్పుడూ మగవాడే అనుకోకు కూడా. 2015 ఫిబ్రవరిలో లండన్‌లోని బెత్నల్ గ్రీన్ నుంచి ముగ్గురు స్కూలు పిల్లలు, 15, 16 ఏళ్లవాళ్లు, టర్కీ మీదుగా సిరియాలో ఐసిస్ దగ్గరికి వెళ్లిపోయారు. వాళ్లలో ఒకమ్మాయి అంతకుముందే గ్లాస్గో నుంచి అక్కడికి చేరిన ఒకావిడని ట్విట్టర్‌లో పలకరించింది. అక్కలాంటిది పిలిస్తే భయం సగం పోతుంది కదా. అక్కడికి చేరాక పెళ్లికాని ఆడవాళ్లని ఒక ఇంట్లో పెట్టి ఉంచేవారు, బయటపడాలంటే ఉన్న దారి పెళ్లే. ఆ ముగ్గురిలో ఒకరైన షమీమా బేగంకి 15 ఏళ్లకి, వెళ్లిన కొద్ది రోజులకే పెళ్లయింది. ముగ్గురు బిడ్డలు పుట్టి ముగ్గురూ పోయారు. 2019లో బ్రిటన్ ఆమె పౌరసత్వం తీసేసింది. ఆమె మోసపోయిందా, తప్పు చేసిందా అని జనం వాదించుకుంటూనే ఉన్నారు. ఆ తీర్పు నువ్వు చెప్పక్కర్లేదు. కానీ అదే ముఠా 2014లో ఇరాక్‌లోని సింజార్ నుంచి యాజిదీలనే చిన్న మతానికి చెందిన వేల మంది ఆడవాళ్లనీ పిల్లల్నీ ఎత్తుకెళ్లింది, బానిసలుగా అమ్మింది. నీ పిల్ల మీద ఎంత జాలిపడినా పడు, ఆ వీధిలో తలుపు వేసి ఉన్న ఒక గదిని మాత్రం చూపించు.

వాడికి పెట్టిన గడ్డం తీసెయ్. గడ్డం చూపిస్తే అంతా అర్థమైపోయిందనుకుంటాడు చదివేవాడు. 1991లో శ్రీపెరుంబుదూరులో రాజీవ్ గాంధీని చంపడానికి బాంబు కట్టుకుని వచ్చిన అమ్మాయిని పంపించింది శ్రీలంక తమిళ పులుల ముఠా ఎల్టీటీఈ, అక్కడ మతం పేరే లేదు.

"ఆడపిల్ల కాబట్టి తేలిగ్గా నమ్మింది" అన్న వాక్యం నేనే కొట్టేశాను, ఏమనుకోకు. 2019 డిసెంబరులో మన విశాఖ పేరు పేపర్లన్నిట్లో వచ్చింది గుర్తుందా, పాకిస్తాన్‌కి సమాచారం చేరవేశారన్న ఆరోపణతో నేవీ వాళ్లని ఏడుగురిని అరెస్టు చేశారు, ఆ ఆపరేషన్‌కి మన డాల్ఫిన్స్ నోస్ కొండ పేరే పెట్టారు. ఫేస్‌బుక్‌లో ఆడపేర్లతో వచ్చిన స్నేహాలే ఎర అని అధికారులు చెప్పారు. ఆ ఏడుగురూ మగవాళ్లే, ట్రైనింగ్ అయినవాళ్లే.

వాళ్ల దాకా ఎందుకు, నా సంగతే చెప్తాను, ఎక్కడా రాయకు. మీ బాబాయిగారు చనిపోయిన ఏడాది ఒకావిడ రోజూ సాయంత్రం ఏడింటికి ఫోన్ చేసేది. "అక్కా, తిన్నావా? ఏం వండుకున్నావు?" అంతే. నాలుగు నెలలు ఒక్క రోజు తప్పలేదు. ఐదో నెలలో ఏదో డిపాజిట్ స్కీమ్ అంది, నలభై వేలు ఇచ్చాను. తీవ్రవాదం కాదు, ఏమీ కాదు, మామూలు మోసం. డబ్బు పోయిందని మా అబ్బాయి వచ్చి చెప్పిన రోజున కూడా ఏడు కాగానే నా చూపు ఫోన్ మీదికే పోయింది. ఆవిడ చేస్తే ఎత్తేసేదాన్నేమో. రాయడానికి సిగ్గుగానే ఉంది.

అందుకని ఆ అబ్బాయి రాకముందు నాలుగు పేజీలు పెంచు. మెస్‌లో ఆమె పక్కన ఎవరు కూర్చుంటారు, ఇంటికి ఫోన్ చేస్తే వాళ్లమ్మ ఎంతసేపట్లో పెట్టేస్తుంది, పుట్టినరోజుకి ఎవరైనా విష్ చేశారా, అది చూడు.

ఆదివారం ఎంవీపీ రైతుబజార్‌కి వెళ్లొచ్చేసరికి పది అవుతుంది, ఆ తర్వాత రా. ప్రింట్ తీసుకునే రా, ఫోన్‌లో చదివితే నాకు కళ్లలో నీళ్లు కారుతున్నాయి.

మీ పిన్ని