ఆటలో అరటిపండుకు కోచ్ రాసిన ఉత్తరం

ప్రశ్న: మేము టెక్సస్‌లో, డాలస్ శివార్లలో ఉంటాం. మా అబ్బాయి ఈ నెలాఖరుకు హైస్కూలు పూర్తి చేస్తున్నాడు. రెండేళ్లు స్కూలు బాస్కెట్‌బాల్ ప్రధాన జట్టులో ఉన్నాడు గానీ, బెంచి మీద కూర్చున్నదే ఎక్కువ. ఒక రకంగా ఆటలో అరటిపండు. సీజన్ ముగింపు విందులో కోచ్, స్కూలు వదిలి వెళ్తున్న పిల్లలకు తలా ఒక ఉత్తరం రాసి ఇచ్చారు. మావాడిది రెండు పేజీలు. నకలు జతచేస్తున్నాను. ఇది చదువుకు గానీ ఉద్యోగానికి గానీ పనికొస్తుందా? కంప్యూటర్ సైన్స్‌లో సీటు వచ్చింది. అక్కడ కూడా బాస్కెట్‌బాల్ జట్టుకు స్టూడెంట్ మేనేజరుగా చేరతానంటున్నాడు. హైస్కూల్లో ఆట పేరుతో నాలుగేళ్లు వృథా చేశాడని మా వారు ససేమిరా అంటున్నారు. నేనూ అబ్బాయీ హెచ్-4 వీసా (హెచ్-1బి ఉద్యోగి కుటుంబానికి ఇచ్చేది) మీద ఉన్నాం.

జవాబు: నకలు పంపి మంచి పని చేశారమ్మా. లేకపోతే నేనూ మామూలు జవాబే రాసేవాణ్ణి. నా బల్ల మీదికి వచ్చే ప్రశంసాపత్రాల్లో చాలావరకు పేరు మార్చి ఎవరికైనా ఇచ్చేయవచ్చు. కష్టపడతాడు, క్రమశిక్షణ గలవాడు, అందరితో కలిసిపోతాడు. అంతే. మీవాడి ఉత్తరంలో మొదటి పేజీ కూడా దాదాపు అంతే. రెండో పేజీ తిప్పి చూడండి.

అందులో కోచ్ రాసిన సంగతి ఇది. ఒక శుక్రవారం ఎదుర్కోవలసిన జట్టులో పాయింట్ గార్డుది, అంటే బంతిని ముందుకు నడిపించే ఆటగాడిది, ఎడమచేతి వాటం. మీవాడు ఆదివారం రాత్రి కూర్చుని అతని ఆట వీడియోలు చూశాడు. సోమవారం నుంచి ప్రాక్టీసులో బంతిని ఎడమచేత్తోనే ఆడాడు. గురువారం తమ జట్టులోని ప్రధాన గార్డును వరుసగా నాలుగుసార్లు ఎడమవైపు నుంచి దాటుకుని వెళ్లేసరికి, ఆ పిల్లవాడు ఉక్రోషంతో బంతిని గోడకేసి కొట్టాడట. మర్నాడు అదే పిల్లవాడు అసలు ప్రత్యర్థిని ఎడమవైపు కదలనివ్వలేదు. ఆ ఆటలో మీవాడు ఒక్క నిమిషం కూడా కోర్టులోకి దిగలేదు. ఇదంతా కోచ్‌కు గుర్తుంది, రాశారు.

ప్రత్యర్థి వేషం కట్టి సొంత జట్టుకు సాధన చేయించేవాళ్లను స్కౌట్ టీమ్ అంటారు. ప్రతినాయకుడు రాకపోతే నాటకం రిహార్సల్ ఎలా సాగుతుంది? అరటిపండు అవుటైనా లెక్కలోకి రాదు. మీవాడు ఆ వారం ప్రాక్టీసుకు రాకపోయి ఉంటే శుక్రవారం లెక్కే వేరుగా ఉండేది. కాబట్టి ఆ మాట ఇంట్లో ఇక వాడకండి.

ఇక పనికొస్తుందా అన్న ప్రశ్న. కాలేజీ సీటుకు ఇప్పుడు ఉపయోగం లేదు. దరఖాస్తులు నవంబరుకో జనవరికో వెళ్లిపోతాయి. టెక్సస్‌లో చాలా జట్లకు సీజన్ ముగిసేదే ఫిబ్రవరిలో. ఏదైనా కాలేజీ వెయిటింగ్ లిస్టులో పెట్టి ఉంటే, వాళ్లు అదనపు కాగితాలు తీసుకుంటామంటేనే పంపండి. ఉత్తరం కన్నా విలువైనది దాన్ని రాసిన మనిషి. మొదటి ఏడాది ఇంటర్న్‌షిప్‌కు వెళ్లే పిల్లల దగ్గర చెప్పుకోవడానికి అనుభవం ఉండదు. ‘ఇతనితో పని చేయించినవాళ్లు ఎవరైనా ఉన్నారా’ అని అడిగితే ట్యూషన్ మాస్టారి పేరు చెప్పలేరు కదా. మీవాడు కోచ్‌ను కలిసి, రిఫరెన్సుగా పేరు ఇవ్వవచ్చా అని ఇప్పుడే అడగాలి. అది మీరు అడగకూడదు, అబ్బాయే అడగాలి.

నాలుగేళ్లు వృథా అని మీ వారు అన్నట్టు రాశారు. టెక్సస్‌లో 1984 నుంచి ఒక చట్టం ఉంది. స్కూలు గ్రేడ్లు లెక్కగట్టే వ్యవధి చివర ఏ సబ్జెక్టులోనైనా 70 కన్నా తక్కువ వస్తే కొన్ని వారాలు ఆటకు దూరంగా ఉండాలి. కొన్ని పై స్థాయి కోర్సులకు మినహాయింపు ఉంది గానీ, మిగతా అన్నింటిలో గట్టెక్కకుండా జట్టులో నిలబడడం కుదరదు. ఆ బెంచి మీద కూర్చోవడానికి కూడా మార్కులు కావాలండీ.

కాలేజీలో ఆటగాడిగా ఎందుకు ప్రయత్నించకూడదు అని కొందరు అడుగుతారు. హైస్కూల్లో బాస్కెట్‌బాల్ ఆడే అబ్బాయిల్లో కాలేజీ క్రీడల సంస్థ ఎన్‌సీఏఏ జట్ల దాకా వెళ్లేది వందకు నలుగురి లోపే. అందులోనూ డివిజన్ 3 (మూడో శ్రేణి) కాలేజీలు ఆటకు స్కాలర్‌షిప్ ఇవ్వవు. ఈ లెక్క మీవాడికి మనకన్నా బాగా తెలుసు. అందుకే మేనేజరు పని అడుగుతున్నాడు.

ఆ పేరు చూసి పెత్తనం అనుకునేరు. తువ్వాళ్లు మడతపెట్టడం, నీళ్ల సీసాలు నింపడం, షూటింగ్ సాధన చేసేవాళ్లకు బంతులు ఏరి అందివ్వడం, ఆటను వీడియో తీసి కావలసిన ముక్కలు కత్తిరించి కోచ్‌లకు ఇవ్వడం. మయామీ హీట్ జట్టును 2012లోనూ 2013లోనూ వృత్తి బాస్కెట్‌బాల్ లీగ్ ఎన్‌బీఏలో విజేతగా నిలిపిన కోచ్ ఎరిక్ స్పోల్‌స్ట్రా, 1995లో అదే సంస్థలో వీడియో గదిలో చేరినవాడే. అందరూ స్పోల్‌స్ట్రాలు అవుతారని నేను చెప్పడం లేదు, అలా ఆశపెట్టడం నాకు నచ్చదు కూడా. కానీ ఎన్‌బీఏ కోర్టులన్నింటిలో ఆటగాళ్ల ప్రతి కదలికనూ కెమెరాలు 2013 నుంచి లెక్కగడుతున్నాయి. ఆ లెక్కల్లోంచి అర్థం లాగడానికి ప్రోగ్రామింగ్ తెలిసినవాళ్లు కావాలి. ఆదివారం రాత్రి వీడియోలు చూసి ఎడమచేతి ఆట పట్టుకున్న కుర్రవాడు కంప్యూటర్ సైన్స్‌లో చేరుతుంటే, ఈ రెండూ ఒకదానికొకటి అడ్డు అని నేననుకోను.

మీ వారి భయం మాత్రం కొట్టిపారేయదగ్గది కాదు. జట్టుతో ఊళ్లు తిరిగితే మొదటి సెమిస్టర్‌లోనే క్లాసులు తప్పుతాయి. నేనైతే ఇలా ఒప్పిస్తాను: మొదటి సెమిస్టర్ ప్రాక్టీసులకూ వీడియో పనికీ మాత్రమే, ప్రయాణాలు వద్దు. డిసెంబరులో గ్రేడ్లు చూసి మిగతాది మాట్లాడుకుందాం. ఆ మాట ముందే తండ్రీకొడుకులు కూర్చుని అనుకోవాలి, గ్రేడ్లు వచ్చాక కాదు.

వీసా సంగతి. కొన్నిచోట్ల మేనేజర్లకు డబ్బో ఫీజు తగ్గింపో ఇస్తారు. హెచ్-4 మీద ఉన్న పిల్లలు ఉద్యోగం చేయకూడదు. జీతం లేకపోయినా సరే, ఒప్పుకునే ముందు కాలేజీలో అంతర్జాతీయ విద్యార్థుల కార్యాలయాన్ని రాతపూర్వకంగా అడగండి. 21 ఏళ్లు నిండితే హెచ్-4 ఉండదు కాబట్టి విద్యార్థి వీసా ఎఫ్-1కు ఎప్పుడు మారాలో కూడా అదే ఊపులో ఇమ్మిగ్రేషన్ న్యాయవాదితో మాట్లాడుకోండి.

మేనేజరు పని కోసం క్లాసులు మొదలయ్యేదాకా ఆగవద్దు. ఆ కాలేజీ జట్టు వ్యవహారాలు చూసే సిబ్బంది పేర్లు వాళ్ల వెబ్‌సైటులో ఉంటాయి. జూన్‌లోనే చిన్న ఈమెయిల్ రాయమనండి. కోచ్ ఉత్తరం మొత్తం జతచేయనక్కర్లేదు, ఎడమచేతి సంగతి మాత్రం మొదటి నాలుగు వాక్యాల్లోపే రావాలి.